ఇక్కడ రైలు మారక్కర్లేదు!

జంక్షన్ అంటే ఏమిటి? ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కే చోటు. మూట దించి మూట ఎత్తే చోటు. కాఫీ తాగడానికో, కాసేపు కునుకు తీయడానికో తీరిక దొరికే చోటు. శ్రీకాకుళం జిల్లాలోని నౌపడ వందేళ్లకు పైగా అలాంటి ఊరే. బోర్డు మీద ఇప్పటికీ జంక్షన్ అనే ఉంది. ఒడిశా కొండల వైపు వెళ్లే రైళ్లు ఇప్పటికీ ఇక్కడి నుంచే చీలతాయి. లేనిదల్లా ఒక్కటే... రైలు మారే అవసరం! దాంతోపాటే ఓ చిన్న బండి, ఆ బండి చుట్టూ అల్లుకున్న బతుకూ కనుమరుగయ్యాయి.

టెక్కలికి దగ్గర్లో, సంతబొమ్మాళి మండలంలో ఉంటుంది నౌపడ. ఒక పక్క ఉప్పు మళ్లు, ఇంకో పక్క బీల భూములు. ఉత్తరంగా వెళ్తే పలాస, ఆ పైన కొబ్బరి, జీడితోటల ఉద్దానం. ఉత్తరానే మహేంద్రగిరి కొండల వరస. హౌరా - చెన్నై ప్రధాన మార్గంలో రోజూ పదుల కొద్దీ రైళ్లు ఈ స్టేషన్ మీదుగా దూసుకుపోతుంటాయి. కిటికీలోంచి చూసేవాళ్లకు అది మరో చిన్న స్టేషన్. అంతే. కానీ 2004 వరకూ ఈ పెద్ద పట్టాల పక్కనే బొమ్మ రైలంత బండి ఒకటి పొగలు, తర్వాతి రోజుల్లో డీజిలు వాసనలు వదులుతూ నిలబడి ఉండేది. పెద్ద రైలు దిగినవాళ్ల కోసం ఎదురుచూసేది!

రాజుగారి రైలు

కథ మొదలవ్వాలంటే ముందు పెద్ద రైలు రావాలి. బెజవాడ నుంచి కటక్ దాకా తీరం వెంబడి 800 కిలోమీటర్లకు పైగా పొడవున ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వేసింది అప్పటి ప్రభుత్వం. 1893 - 96 మధ్య ఆ మార్గం ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది. అప్పట్లో ఈ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. పట్టాలు సముద్రానికి దగ్గరగా పోయాయి. సంస్థానాలు, జమీందారీలు కొండల పక్కన ఉండిపోయాయి.

వాటిలో పెద్దది పర్లాకిమిడి. నౌపడకు పాతిక మైళ్ల దూరం. రాజావారు మద్రాసు వెళ్లాలన్నా, కలకత్తా వెళ్లాలన్నా గుర్రపు బండి కట్టించుకుని నౌపడ దాకా వచ్చి రైలెక్కాల్సి వచ్చేదట. రాజుకే ఇంత తిప్పలైతే రైతు సంగతి చెప్పేదేముంది! వడ్ల బస్తా నౌపడ చేరాలంటే ఎడ్ల బండే గతి. వానాకాలం వస్తే అదీ లేదు.

అప్పటి రాజు గౌరచంద్ర గజపతి నారాయణదేవ్ ఒక నిర్ణయానికి వచ్చారు. 'రైలు మన ఊరికి రాకపోతే మనమే వేసుకుందాం!' ప్రభుత్వం నుంచి 1898లో అనుమతి వచ్చింది. పనులు చకచకా సాగాయి. ఖర్చు దాదాపు 7 లక్షల రూపాయలు. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద మొత్తమో ఊహించుకోవాల్సిందే. 1900 ఏప్రిల్ 1న నౌపడ - పర్లాకిమిడి మధ్య బండి నడిచింది. పేరు పర్లాకిమిడి లైట్ రైల్వే. నౌపడ స్టేషన్ జంక్షన్ అయింది.

రెండున్నర అడుగుల లెక్క

లైట్ రైల్వే అనడంలోనే కిటుకంతా ఉంది. ప్రధాన మార్గంలో రెండు పట్టాల మధ్య దూరం అయిదున్నర అడుగులు, అంటే 1,676 మిల్లీమీటర్లు. రాజుగారి రైలుకు రెండున్నర అడుగులే. 762 మిల్లీమీటర్లు. సగం కూడా లేదు. ఎందుకలా? డబ్బు! పట్టాల మధ్య దూరం తగ్గితే తేలికపాటి పట్టాలు చాలు. చిన్న స్లీపర్లు సరిపోతాయి. కట్ట వెడల్పు తగ్గుతుంది, వంతెన ఖర్చు తగ్గుతుంది. మలుపులు కాస్త ఇరుకుగా ఉన్నా బండి తిరిగిపోతుంది.

ఈ లెక్క రాజుగారు ఒక్కరే వేసింది కాదు. ఆ రోజుల్లో దేశమంతా వేసిన లెక్కే. బరోడా గైక్వాడ్‌లు అంతకు చాలా ముందే దభోయి దగ్గర ఇదే కొలతతో రైలు నడిపారు. మహారాష్ట్రలో బార్సీ లైట్ రైల్వే 1897లో మొదలైంది. ఒడిశాలోని మయూర్‌భంజ్ రాజు 1905లో రూప్సా నుంచి బారిపదా దాకా వేయించుకున్నారు. పెద్ద రైలు రాని చోట్లకు ఇవి పిల్ల కాలువల్లాంటివన్నమాట.

కానీ చవగ్గా వేసిన రైలుతో ఓ చిక్కు ఉంది. చిన్న బండి పెట్టె పెద్ద పట్టాల మీదకు ఎక్కదు. పెద్ద రైలు వ్యాగను చిన్న పట్టాల మీద నడవదు. కాబట్టి నౌపడకు వచ్చిన ప్రతి బస్తా దిగాల్సిందే, మళ్లీ ఎక్కాల్సిందే. ప్రతి మనిషీ అంతే. రైల్వే ఇంజినీర్లకు ఇదో పెద్ద తలనొప్పి. సరుకు రవాణా ఖర్చులో కొంత ఈ దించి ఎత్తడంలోనే కరిగిపోతుంది. ఆలస్యం వేరే.

నౌపడకు మాత్రం అదే అన్నం పెట్టింది! మూటలు మోసే కళాసీలకు కూలి దొరికింది. చిన్న బండి కోసం గంటల తరబడి కూర్చునేవాళ్లకు టీ, టిఫిను కావాలి కదా. రాత్రి దిగినవాళ్లకు తల వాల్చే చోటు కావాలి. రెండు బండ్లకు రెండు రకాల సిబ్బంది కావాలి. పట్టాల మధ్య ఆ మూడడుగుల తేడా ఒక ఊరికి ఉపాధి అయింది.

ఉప్పు పైకి... వడ్లు కిందికి

నౌపడ అనగానే ఈ జిల్లావాళ్లకు గుర్తొచ్చేది ఉప్పు. సముద్రపు పాయలోంచి నీళ్లు మళ్లకు ఎక్కించి, ఎండకు చిక్కబరిచి, తెల్లగా తేరిన ఉప్పును పారలతో పోగులు వేస్తారు. వేసవి ముదిరేకొద్దీ పోగులు పెరుగుతాయి. తొలకరి పడిందంటే పని బంద్. ఉప్పు మీద గుత్తాధిపత్యం సర్కారుదే అయిన బ్రిటిష్ కాలంలో ఇక్కడి కొఠార్లకు చాలా ప్రాధాన్యం ఉండేది.

కొండల్లో అన్నీ పండుతాయి, ఉప్పు తప్ప! అందుకే వంశధార లోయలోని పల్లెలకు, అక్కడి సవర గూడేలకు సముద్రంతో ఉన్న బంధం ఉప్పే. రైలు రాకముందు అది ఎడ్ల మీద, బండ్ల మీద వెళ్లేది. రైలొచ్చాక చిన్న పెట్టెల్లో పైకి వెళ్లింది. తిరుగు బండిలో వడ్లు, చింతపండు, కొండ చీపుర్లు, అడ్డాకులు దిగాయి.

ఇంత జరిగినా రాజుగారికి లాభం వచ్చిందా అంటే... రాలేదు. తొలి పదేళ్లూ నష్టమే. 1910 తర్వాత గానీ నాలుగు డబ్బులు మిగల్లేదు. 1924 - 25 తర్వాత రాబడి పుంజుకుంది. ఆ ధైర్యంతోనే కావచ్చు, తర్వాతి రాజు కృష్ణచంద్ర గజపతి పట్టాలను ఇంకా ముందుకు తీసుకెళ్లారు. 1929లో ఒక విడత, 1931లో మరో విడత. దాంతో బండి కాశీనగరం మీదుగా వంశధార ఒడ్డున ఉన్న గుణుపూర్ చేరింది. నౌపడ నుంచి మొత్తం 90 కిలోమీటర్లు. నిర్వహణ బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్లింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినప్పుడు అందులో భాగమైంది.

టెక్కలి, పెద్దసాన, టెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపూర్... ఒక తరంవారికి ఈ పేర్లు ఎక్కాల్లా నోటికొచ్చేవి. బండి మాత్రం నిదానమే ప్రధానం అన్నట్టు నడిచేది. కదులుతున్న బండి దిగి, గట్టు పక్కన పని చూసుకుని, మళ్లీ అదే బండి ఎక్కొచ్చని హాస్యాలాడుకునేవారు. పండగలకు, పెళ్లిళ్ల రోజులకు మాత్రం పెట్టెల్లో కాలు పెట్టే చోటుండేది కాదు.

రైలు ఒకటే... రాష్ట్రాలు రెండు

సరిగ్గా రైలు మొదలైన 36 ఏళ్లకు, అదే ఏప్రిల్ 1న, ఈ మార్గం చరిత్రలో ఇంకో మలుపు. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. లండన్ రౌండ్ టేబుల్ సమావేశాల్లో ఒరియా రాష్ట్రం కోసం గట్టిగా వాదించినవారిలో కృష్ణచంద్ర గజపతి ముందున్నారు. పర్లాకిమిడి ఎస్టేటు రెండు ముక్కలైంది. పర్లాకిమిడి పట్నం ఒరిస్సాకు వెళ్లింది. మహేంద్రతనయ నది ఇవతల ఉన్న పాతపట్నం మద్రాసు రాజధానిలోనే ఉండిపోయింది. మరుసటి ఏడాది కృష్ణచంద్ర గజపతి ఒరిస్సా తొలి ప్రధాని అయ్యారు. ముఖ్యమంత్రిని అప్పట్లో ప్రధాని అనేవారు. 1992లో ఏర్పడిన గజపతి జిల్లాకు ఆయన పేరే పెట్టారు.

ఆ విభజన ఎంతమంది మనసుల్ని కోసిందో చెప్పడానికి ఒక్క పేరు చాలు. గిడుగు వెంకట రామమూర్తి. తెలుగువారికి వాడుక భాషను రాతలోకి తెచ్చిపెట్టిన గిడుగు, బతుకులో ఎక్కువ భాగం గడిపింది పర్లాకిమిడిలోనే. 1880లో బడి పంతులుగా అక్కడ కుదురుకున్నారు. సవరల భాష నేర్చుకుని, దానికి నిఘంటువు, వ్యాకరణం రాశారు. వాళ్ల పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు చెప్పించే ప్రయత్నం చేశారు. పర్లాకిమిడి ఒరిస్సాలో కలవడాన్ని ఆయన ఒప్పుకోలేకపోయారు. 1936లో, డెబ్బై ఏళ్లు దాటిన వయసులో, యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరిని వదిలి రాజమండ్రి చేరారు. 1940లో మద్రాసులో కన్నుమూశారు.

మనుషులు అటూ ఇటూ అయ్యారు గానీ రైలు మాత్రం ఎవరి పక్షమూ తీసుకోలేదు. నౌపడ నుంచి పాతపట్నం దాకా తెలుగు నేల. నది దాటితే ఒడియా నేల. పెట్టెలో మాత్రం రెండు భాషలూ కలిసే ప్రయాణించాయి. అటు పిల్లనిచ్చినవాళ్లు, ఇటు పిల్లను తెచ్చుకున్నవాళ్లు, పర్లాకిమిడి బజారుకు వెళ్లే పాతపట్నం వ్యాపారులు, టెక్కలి సంతకు వచ్చే అవతలి రైతులు... అందరిదీ ఒకటే బండి. సరిహద్దు మ్యాపులో ఉంది, టిక్కెట్టు మీద లేదు!

పొగ ఆగింది... కూతా ఆగింది

దేశమంతటా ఒకే కొలత పట్టాలుండాలని రైల్వే శాఖ 1992లో యూనిగేజ్ ప్రాజెక్టు పెట్టుకుంది. మీటరు గేజ్‌లు, నేరో గేజ్‌లు ఒక్కొక్కటే పోవడం మొదలైంది. నౌపడ లైనులో కూడా 1990ల తొలినాళ్లలో ఆవిరి ఇంజన్లు వెళ్లిపోయి డీజిలు ఇంజన్లు వచ్చాయి. వేగం మాత్రం పెద్దగా మారలేదు. రోడ్లు బాగుపడ్డాయి. బస్సులు, జీపులు పెరిగాయి. రైలు ఆదాయం తగ్గింది. ఎప్పటి నుంచో స్థానికులు అడుగుతున్న బ్రాడ్ గేజ్ మంజూరైంది. 2003 ఏప్రిల్ 1న తూర్పు కోస్తా రైల్వే జోన్ పని మొదలుపెట్టింది. మళ్లీ అదే తేదీ! ఆ మరుసటి ఏడాది, 2004 జూన్‌లో, చిన్న బండి చివరిసారి నడిచింది. 104 ఏళ్ల ప్రయాణం అక్కడితో ముగిసింది.

తర్వాత కొన్నేళ్లు ఈ దారిలో రైలే లేదు. బస్సులు, ఆటోలే దిక్కు. 2011 నాటికి గుణుపూర్ దాకా పెద్ద పట్టాలు పడ్డాయి. ఇప్పుడు విశాఖపట్నంలో ఎక్కినవాళ్లు నేరుగా గుణుపూర్‌లో దిగొచ్చు. భువనేశ్వర్, పూరీ వైపు వెళ్లే రైళ్లూ ఉన్నాయి. జబ్బు చేసినవారిని విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్లే టెంబూరు రైతుకు, పరీక్ష రాయడానికి వెళ్లే పాతపట్నం కుర్రాడికి ఇది ఎంత మేలో వేరే చెప్పక్కర్లేదు. నడిరాత్రి నౌపడలో దిగి, చిన్న బండి కోసం తెల్లారేదాకా దోమలతో సావాసం చేయాల్సిన పని లేదు.

అందుకే చిన్న బండి పోయిందని బాధపడేవారిలో కూడా అది తిరిగి రావాలని కోరేవారు అరుదు. పోయింది బండి ఒక్కటే కాదు, దాని గుర్తులు కూడా కదా అన్నదే అసలు బాధ. డార్జిలింగ్ చిన్న రైలును 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2005లో నీలగిరి రైలు, 2008లో కల్కా - సిమ్లా రైలు అదే జాబితాలోకి ఎక్కాయి. అవి కొండల రైళ్లు, యాత్రికులు వెళ్లే చోట్లు. నిలబెట్టుకోవడానికి డబ్బొచ్చే దారి ఉంది. నౌపడ లైను రైతుల రైలు, కూలీల రైలు. దాని తరఫున అడిగేవారెవరు? బార్సీ, మయూర్‌భంజ్ లైన్లదీ ఇదే కథ. అవీ పెద్ద గేజ్‌లోకి మారిపోయాయి.

పక్కూరు పెరిగింది

జంక్షన్‌గా నౌపడ తగ్గుతున్న కాలంలోనే పలాస పెరిగింది. ఒకప్పుడు పలాస పేరు దేశానికి తెలిసింది 1940లో. రాహుల్ సాంకృత్యాయన్ అధ్యక్షుడిగా అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది అక్కడే. ఆ తర్వాత జీడిపప్పు పలాసను మార్చేసింది. పలాస - కాశీబుగ్గ జంట పట్టణం వ్యాపార కేంద్రమైంది. ఎక్స్‌ప్రెస్ రైళ్లు ఆగే స్టేషన్‌గా ఈ ప్రాంతమంతటికీ అదే పెద్దది. ఉద్దానం నుంచి చెన్నైకో, హైదరాబాద్‌కో పనుల కోసం వలస వెళ్లేవాళ్లు రైలెక్కేది పలాసలోనే. అటు టెక్కలి జాతీయ రహదారి మీద ఉంది. గ్రానైట్ క్వారీలతో దాని దారి దానిది. మధ్యలో నౌపడ... ఉప్పు మళ్లతో, రైళ్లు కాసేపు ఆగి వెళ్లే స్టేషన్‌తో మిగిలింది.

ఆ ఉప్పు, ఆ బీల కూడా ఒడిదుడుకుల్లో పడ్డాయి. నౌపడ బీల చేపలకు, పక్షులకు నెలవు. దగ్గర్లోని తేలినీలాపురం చింతచెట్ల మీద గూళ్లు కట్టే పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు మేతకు వచ్చేది ఈ నీళ్లకే. అక్కడే కాకరాపల్లి దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దంటూ ఊళ్లు ఉద్యమించాయి. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. కొత్త పట్టాల మీద గుణుపూర్ రైలు నడిచిన సంవత్సరమూ అదే.

మళ్లీ జంక్షన్ అవుతుందా?

కథ ఇక్కడితో అయిపోలేదు. గుణుపూర్ దగ్గర ఆగిపోయిన పట్టాలను తెరువలి దాకా పొడిగించే కొత్త మార్గానికి 2024 ఆగస్టులో కేంద్రం ఆమోదం తెలిపింది. పొడవు సుమారు 74 కిలోమీటర్లు. అది పూర్తయితే గుణుపూర్ ఇక చివరి స్టేషన్ కాదు. విజయనగరం - రాయగడ - రాయపూర్ మార్గంతో కలిసిపోతుంది. నౌపడ నుంచి కొండల మీదుగా ఛత్తీస్‌గఢ్‌కు దారి పడుతుంది. ఇంకోవైపు సంతబొమ్మాళి తీరంలోనే మూలపేట ఓడరేవు పనులకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఓడరేవును నౌపడ దగ్గర ప్రధాన రైలు మార్గంతో కలపాలన్నది ప్రణాళిక. ఒకప్పుడు కొండల్లోకి ఉప్పు పంపిన ఊరు, రేపు కొండల్లోంచి ఖనిజాన్ని సముద్రానికి దాటించే కూడలి కావచ్చు.

అయితే అప్పుడు కూడా ఎవరూ ఇక్కడ దిగాల్సిన పని ఉండదు. గూడ్సు రైలు ఆగకుండా పోతుంది. కూలీ భుజం మీదకు బస్తా రాదు. మరి ఊరికి మిగిలేదేమిటి? ఉప్పు మళ్లు ఉంటాయా? బీలలో చేప ఉంటుందా? ఈ ప్రశ్నలకు జవాబులు రైల్వే ప్రణాళికల్లో దొరకవు. ఇప్పుడే అడగాల్సింది ఊళ్లవాళ్లే.

ఈలోగా మరో విభజన. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ కోసం 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం హద్దులు ఖరారు చేసింది. దాని ప్రకారం నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా ఉన్న పట్టాలు విశాఖ డివిజన్‌కు. పర్లాకిమిడి నుంచి గుణుపూర్ దాకా ఉన్నవి తూర్పు కోస్తా రైల్వేలో కొత్తగా ఏర్పడే రాయగడ డివిజన్‌కు. 1936లో నేల చీలినా చీలని రైలు, ఇన్నేళ్లకు కాగితం మీద చీలింది. గమ్మత్తేమిటంటే, చీలిన చోటు పర్లాకిమిడే! గౌరచంద్ర గజపతి 1900లో వేయించిన పాతిక మైళ్లు ఒకవైపు, కృష్ణచంద్ర గజపతి తర్వాత పొడిగించినవి ఇంకోవైపు. తండ్రి రైలు ఇటు, కొడుకు రైలు అటు అన్నమాట.

ప్రయాణికులకు దీనివల్ల ఇబ్బంది రాకూడదు. రెండు జోన్ల మధ్య ఈ చిన్న మార్గం ఎవరికీ పట్టనిదిగా మిగలకూడదు. పొద్దున్నే విశాఖ చేరే రైలు, సాయంత్రం తిరిగి ఇల్లు చేర్చే రైలు... పాతపట్నం, టెక్కలి వాసులకు కావాల్సింది ఈ రెండే. వాటితో పాటు నౌపడ స్టేషన్‌లో చిన్న పట్టాల ముక్క ఒకటి, పక్కన నాలుగు వాక్యాల పలక ఒకటి పెడితే, ఖర్చు ఏమంత కాదు. ఇక్కడ రైలు మారక్కర్లేదని తెలిసినవాళ్లు కూడా, ఒకప్పుడు ఎందుకు మారాల్సి వచ్చేదో ఆగి చదువుకుంటారు.